గుంటాయన జంటగాజు

తారు పూసిన ఇనుప బుడిపె నెమ్మదిగా తిరుగుతోంది. దాని మీద బోర్లించిన గాజుబిళ్లను కుడిచేతి మూడు వేళ్లతో అదిమిపట్టి, ఎడమచేత్తో గులాబీరంగు పొడి కలిపిన నీళ్లు ఇంకో నాలుగు చుక్కలు వేశాడతను. నీళ్లు పడగానే గీరుకుంటున్న చప్పుడు మెత్తబడింది. పని ఎంతవరకు వచ్చిందో అతనికి ఆ చప్పుడుని బట్టే తెలుస్తుంది. కీచుమంటే నీళ్లు చాలలేదు, అసలు చప్పుడే లేకపోతే పొడి ఎక్కువైంది. పిల్లి పాలు తాగుతున్నంత చప్పుడు వస్తే ఇక బెంగ లేదు. ఈ ఉదయం అలాగే వస్తోంది.

యంత్రం ఆపి, బిళ్లను నీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో తుడిచి, సరైన వంపున్న కొలతగాజు మీద పెట్టి దీపం కింద చూశాడు. రెండు గాజుల మధ్య రంగుల వలయాలు తేలాయి. అవి ఎంత తక్కువుంటే వంపు అంత సరిగ్గా వచ్చినట్టు. మూడు వలయాల దాకా తేడా ఉన్నా ఫ్యాక్టరీ ఒప్పుకుంటుంది. ఒకటిన్నర ఉన్నాయి. అది అతనికి నచ్చలేదు. మళ్లీ బుడిపె మీదకి ఎక్కించాడు.

నిజానికి ఈ రోజు అతను ఎలా చేసినా అడిగేవాళ్లు లేరు. ముప్పైఒక్క ఏళ్ల ఉద్యోగానికి ఇదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి గేటు దగ్గర కార్డు అప్పజెప్పి వెళ్లిపోవాలి. సభలూ దండలూ వద్దని నెల క్రితమే చెప్పేశాడు. వద్దన్నది సిగ్గుతో అనుకున్నారు అందరూ. సిగ్గు కొంత ఉన్నమాట నిజమే. అసలు సంగతి వేరే ఉంది. ఈ రోజంతా అతనికి వేరే పని ఉంది. పదకొండింటికి పైఅంతస్తులోని పరీక్షగదిలో ఒక లెన్సుని చూడబోతున్నారు. దాన్ని కాగితం మీద లెక్కకట్టిందీ అతనే, అరగదీసిందీ అతనే, ఇంతవరకు కంటికి ఆనించి దాంట్లోంచి చూడనిదీ అతనే. అది బాగా పనిచేస్తే ఆర్నెల్లుగా తను నేర్చుకున్నది నిజంగా బుర్రకెక్కినట్టు. లేకపోతే ఎక్కనట్టు. రేపటినుంచి గేటు లోపలికి రానివ్వరు కాబట్టి తేలాల్సింది ఇవాళే.

ఫ్యాక్టరీలో అతన్ని గుంటాయన అంటారు. ఎదురుగా అనేవాళ్లు గుంటాయనగారూ అంటారు, అంతే తేడా. అక్కడ తయారయ్యేది మూడు గాజుల కెమెరా లెన్సు. ముందూ వెనకా ఉండే రెండూ మధ్యలో ఉబ్బిన పొట్ట గాజులు. వాటి నడుమ రెండువైపులా లోతుగా ఉండేది గుంట గాజు. పొట్ట గాజులకి యంత్రాలొచ్చాయి, మనుషులు మారారు, ఒకరిద్దరు మేస్త్రీలై మేడెక్కారు. గుంట గాజు మాత్రం మొదటినుంచీ ఇతని చేతిలోనే ఉండిపోయింది. పని బాగుంది, మనిషి నోరెత్తడు, కదపడమెందుకని ఎవరూ కదపలేదు.

అతనూ కదలమని అడగలేదు. కానీ లోపల ఒక చిన్న ముల్లు ఉండేది. కూతురు రెండో తరగతిలో ఉండగా, ఎండలో కాగితం కాల్చే గాజు తెమ్మని గొడవచేసింది. అంచు పెచ్చులూడి పక్కన పడేసిన బిళ్ల ఒకటి అడిగి పుచ్చుకుని ఇంటికి తీసుకెళ్లాడు. తండ్రీ కూతుళ్లిద్దరూ గుమ్మం ముందు మధ్యాహ్నమంతా కూర్చున్నారు. కాగితం వెచ్చబడను కూడా లేదు. గుంట గాజు వెలుతుర్ని ఒకచోటికి చేర్చదు, చెదరగొడుతుంది. "నాన్నా, నువ్వు చేసేది పనికిరాని గాజా?" అంది పిల్ల. అతను నవ్వి, ఐస్‌క్రీము కొనిపెట్టి, ఆ సంగతి మరిపించాడు. పిల్ల మరిచిపోయింది. ఇప్పుడు ఆమెకే ఒక కూతురు. అతను మాత్రం మరవలేదు. మిగతా రెండు గాజులూ కష్టపడి కూడగట్టే వెలుతుర్ని తన గాజు మధ్యలో దూరి పాడుచేస్తోందేమోనని ఇరవై ఏళ్లపాటు అనుకుంటూనే ఉన్నాడు. అయినా రోజుకి పద్దెనిమిది బిళ్లలు, వలయానికి మించి తేడా లేకుండా చేస్తూనే ఉన్నాడు.

ఆర్నెల్ల క్రితం లెక్కలమ్మ కిందకి వచ్చింది. లెన్సులకి కొలతలు కట్టే ఆవిడ. మేడమీద ఒక గది, గది నిండా కాగితాలు, ముక్కు మీదకి జారే కళ్లజోడు. నలభై అయిదేళ్లుంటాయి. గుంట గాజు వంపుని ఇంకో రెండు మిల్లీమీటర్లు మార్చడం కుదురుతుందా అని అడగడానికి వచ్చింది. కుదురుతుందన్నాడు. ఆవిడ వెళ్లబోతుంటే, ముప్పై ఏళ్లుగా ఎవరినీ అడగని మాట ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, ఆ రెండూ వెలుతుర్ని పోగుచేస్తాయి కదా. మధ్యలో చెదరగొట్టేదాన్ని ఎందుకు పెట్టారు?"

లెక్కలమ్మ వెనక్కి వచ్చి, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుంది. "చెప్పేస్తే రెండు నిమిషాలు బాబాయ్. మీరే కనుక్కుంటే మూడు నెలలు. ఏది కావాలి?"

అతనికి భయం వేసింది. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. ఆపడానికి ఇంట్లో ఇబ్బందులు కారణమని చెప్పుకున్నా, లెక్కల మాస్టారి బెత్తం కూడా అందులో సగం వాటాదారు. అయినా "మూడు నెలలదే" అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు.

మర్నాటినుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట మేడమీద పాఠం. ఆవిడ చెప్పిన మొదటి మాట అతనికి బాగా నచ్చింది. "వెలుతురు గాజులోకి దిగేటప్పుడు వంగుతుంది, బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి వంగుతుంది. మనకి కావలసిందంతా ఇదే. మిగతాది ఎక్కడ ఎంత వంగిందో వరసగా రాసుకోవడం." అడ్డంగా నిలువుగా గళ్లు గీసిన కాగితం ఇచ్చింది. ఒక్కో గాజు ముఖానికి ఒక్కో నిలువు వరస. ముఖం వంపు ఎంత, ఆ తర్వాత గాజు మందం ఎంత, ఆ గాజు వెలుతుర్ని ఎంత వంచుతుంది, కిరణం ఎంత ఎత్తున తగిలింది, ఎంత వాలుగా వెళ్లింది. ఒక ముఖం దగ్గర వచ్చిన జవాబే తర్వాతి ముఖానికి ప్రశ్న. మధ్యలో ఎక్కడ పొరపాటు చేసినా అది చివరిదాకా వెంటపడి వస్తుంది.

కూడికలూ గుణకారాలూ క్యాలుక్యులేటరు చూసుకుంది. మైనస్ గుర్తే అతన్ని మూడు చెరువుల నీళ్లు తాగించింది. వంపు కేంద్రం కుడివైపుంటే ప్లస్, ఎడమవైపుంటే మైనస్. అదే పొట్ట గాజుకి ఒక ముఖం ప్లస్, వెనక ముఖం మైనస్. ఉబ్బు ఉబ్బే కదా, రెండోవైపు తిరగ్గానే అప్పు ఎలా అవుతుందని అతని వాదన. వారం రోజులు అదే పేచీ. ఆఖరికి భార్య తేల్చింది. ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. టేపు తీసి అతని మెడలో వేసింది.

"ఇదిగో, నడుం దగ్గర సున్నా అనుకోండి. పైకి కొలిస్తే చొక్కా, కిందకి కొలిస్తే ప్యాంటు. ప్యాంటు పొడుగు మైనస్ నలభై అంటే ప్యాంటు లేదని అర్థమా? ఎటు కొలిచామో చెప్పడం, అంతేగా?"

అతను టేపు మెడలో వేసుకునే భోజనం చేశాడు. ఆ రోజునుంచి మైనస్ అంటే భయం పోయింది.

పట్టుదల ఎక్కువై కూతురి పాత పదో తరగతి పుస్తకం కూడా అటక మీంచి దింపాడు. అందులో పొట్ట గాజుని కుంభాకార కటకం అనీ, గుంట గాజుని పుటాకార కటకం అనీ రాశారు. "ఇన్నాళ్లూ నేను పుటాకార కటకాలు చేస్తున్నానే!" అన్నాడు భార్యతో. "కటకాలు చేసినా కటకటాలు చేసినా స్నానం చేసి రండి, మీసంలో ఎర్రపొడి ఉంది" అంది ఆవిడ.

మూడో నెల చివర్లో జవాబు దొరికింది. ఎరుపు కిరణం ఒకటి, నీలం కిరణం ఒకటి తీసుకుని మూడు గాజుల్లోంచి నడిపించమంది లెక్కలమ్మ. గాజు నీలాన్ని కాస్త ఎక్కువ వంచుతుంది. పొట్ట గాజులు రెండే ఉంచి లెక్కకడితే నీలం ముందే వాలిపోయింది, ఎరుపు ఇంకాస్త దూరం పోయి వాలింది. బొమ్మ అంచులకి రంగులు పూస్తాయన్నమాట. మధ్యలో తన గుంట గాజు పెట్టి మళ్లీ కట్టాడు. నీలాన్ని అది ఎక్కువగా వెనక్కి తోసింది, ఎరుపుని తక్కువగా తోసింది. చివరి గడిలో రెండు అంకెలూ వచ్చి ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. ఇంకో వారానికి, బొమ్మ అంచుల్లో వంకర తీసేదీ తన గాజేనని తెలిసింది. పాడుచేయడం లేదు. ఆ రెండూ చేసే తప్పుల్ని తన గాజు తిరగేసి చేసి, చెరిపేస్తోంది. కాగితం బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు. లెక్కలమ్మ లేచి కిటికీ తెరిచింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెబితే భార్య సూదిలో దారం ఎక్కిస్తూ, "మీ ఇద్దరు పొట్టలవాళ్లు చేసే తప్పుల్ని మధ్యలో ఉండి సర్దేదా? మీ అన్నదమ్ముల మధ్య నేను పాతికేళ్లుగా చేస్తున్నది అదే. నాకెవరూ లెక్క కట్టలేదు" అంది. అతను కడుపుబ్బ నవ్వాడు. కూతురికి ఫోను చేసి, ఆ పనికిరాని గాజు సంగతి వివరంగా చెప్పాడు. కూతురికి ఆ కాగితం కాల్చే గొడవ గుర్తే లేదు.

అక్కడితో ఆగొచ్చు. లెక్కలమ్మే ఆగనివ్వలేదు. "ఇప్పుడు మీ సొంతది ఒకటి కట్టండి. ఒక పొట్ట, ఒక గుంట. రెండు రకాల గాజు, రెండూ అంటించి జంటగా. దూరపు వస్తువుని స్పష్టంగా చూపించాలి, రంగు కనిపించకూడదు" అంది. జంటగాజు అని పేరు కూడా ఆవిడే పెట్టింది. తర్వాతి మూడు నెలలూ దానికే పోయాయి. నడిమి కిరణాలకి పాత గళ్లు సరిపోయాయి కానీ, అంచు దగ్గర దూరే కిరణాలకి కోణాల పట్టిక చూసి ఒక్కో ముఖం దగ్గరా ఖచ్చితంగా కట్టాలి. అంచు కిరణం, నడిమి కిరణం ఒకేచోట వాలకపోతే బొమ్మ చుట్టూ పొగ పట్టినట్టుంటుంది. పదకొండు కాగితాలు చింపి, పన్నెండోదానికి రెండూ ఒకేచోట వాలాయి. ఆ కొలతలతో పక్కన పడేసిన గాజుముక్కల్లోంచి జంటని అరగదీశాడు. అంటించాడు. అంచు మీద పెన్సిలుతో బాణం గుర్తు వేసి బిగింపు విభాగానికి పంపాడు.

పదకొండయింది. చేతులు కడుక్కుని మేడెక్కాడు.

పరీక్షగది చీకటి. గోడకి ఆనించిన దీపం ముందు సూదిమొనంత కన్నం ఉన్న రేకు, పొడుగాటి ఇనుప బల్ల, బల్ల చివర చూసుకునే కంటిగాజు. మధ్యలో నల్లటి గొట్టంలో బిగించిన జంటగాజు. బిగించింది వదిన. ఫ్యాక్టరీ మొత్తానికి ఆవిడ వదినే. తనకన్నా పదేళ్లు చిన్నదైనా గుంటాయన కూడా వదినా అనే పిలుస్తాడు, ఆవిడ అతన్ని అన్నయ్యా అంటుంది. ఈ చుట్టరికం ఎలా కుదిరిందో ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు. చూద్దామని ఆవిడ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"కానివ్వండి బాబాయ్, మొదట మీరే" అంది లెక్కలమ్మ.

అతను వంగి కన్ను ఆనించాడు. రంగు లేదు. అది చూసి ప్రాణం లేచొచ్చింది. కానీ సూదిమొనంత చుక్క ఉండాల్సిన చోట, చుట్టూ మసక ఆవరించిన పెద్ద మచ్చ ఉంది. మర తిప్పి ముందుకీ వెనక్కీ జరిపాడు. మచ్చ పెద్దదైంది, చిన్నదైంది, చుక్క మాత్రం కాలేదు. పక్కకి జరిగి లెక్కలమ్మకి చోటిచ్చాడు. ఆవిడా చూసింది. నడుమ కన్నమున్న నల్లకాగితం గాజు ముందు పెట్టి ఒకసారి, అంచు మాత్రం తెరిచిన కాగితం పెట్టి ఇంకోసారి చూసి, బల్ల మీద కొలత చదివింది.

"అంచు కిరణాలు రెండు పాయింటు ఒక మిల్లీమీటర్లు ముందే వాలుతున్నాయి."

"నా లెక్కలో వెంట్రుకవాసి తేడా కూడా లేదమ్మా."

"అవును. నేనూ చూశాను కదా." ఇంకేదో అనబోయి, కళ్లజోడు పైకి తోసుకుంది. "నాలుగింటికి గది మళ్లీ ఖాళీ. ఆలోచించండి."

మెట్లు దిగాడు. అతనికి ఏడుపు రాలేదు కానీ, ఏడో తరగతి గది వాసన వచ్చింది. సుద్దముక్కల వాసన. వెనకాలే వచ్చిన వదిన, "పోనీలే అన్నయ్యా, గాజు మెరుపు మాత్రం అద్దంలా ఉంది" అంది ఓదార్పుగా. ముప్పైఒక్క ఏళ్లుగా వింటున్న మెచ్చుకోలే అది. ఇవాళ అతనికి కావలసింది ఇంకోటి.

మిగిలిన బిళ్లలు రెండు పూర్తిచేసేసరికి అన్నం గంట కొట్టారు. డబ్బా మూత తీసి నాలుగు ముద్దలు తిని మూసేశాడు. బల్ల మీద పొడి తుడిచి కాగితాలు పరిచాడు. ముందు తన చేతిని అనుమానించాడు. జంటని అరగదీసేటప్పుడు వాడిన కొలతగాజులన్నీ తెచ్చి వాటి మీద రాసి ఉన్న వంపులు కాగితంతో పోల్చాడు. సరిపోయాయి. మందాలు చూసుకున్నాడు, ఆ రోజు రాసిపెట్టుకున్నవే. సరిపోయాయి. చేతి తప్పు కాదు. లెక్క తప్పేమోనని అంచు కిరణాన్ని మొదటినుంచీ మళ్లీ నడిపించాడు. అంటించినచోట రెండు ముఖాలూ ఒకటే కాబట్టి మూడు ముఖాలు, కోణాల పట్టికలో తొమ్మిది చూపులు. మళ్లీ అదే జవాబు, వెంట్రుకవాసి. లెక్కా తప్పు కాదు. మరి రెండు మిల్లీమీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

పెన్సిలు చెవిలో దోపుకుని కూర్చున్నాడు. పక్క యంత్రం దగ్గర ఎవరో ఈల వేస్తున్నారు. బుడిపె మీద తడి ఆరి గులాబీరంగు పొర కట్టింది. లెక్కా చెయ్యీ రెండూ సరైనవే అయితే, కాగితం మీద తను నడిపించిన కిరణమూ పరీక్షగదిలో నడిచిన కిరణమూ ఒకే దారిన నడవలేదన్నమాట. ఆ మాట అనుకున్నాక అతని చెయ్యి దానంతటదే కొత్త కాగితం అందుకుంది. మూడు ముఖాల్నీ వెనకనుంచి ముందుకి రాశాడు. మూడోది మొదట, మొదటిది చివర, ప్లస్‌లన్నీ మైనస్‌లు, మైనస్‌లన్నీ ప్లస్‌లు. ఆర్నెల్ల క్రితం ఈ పని చెప్పి ఉంటే ఉద్యోగం మానేసేవాడు. ఇప్పుడు టేపు మెడలో ఉన్నంత ధైర్యంగా చేసుకుపోయాడు. అన్నం గంట ముగిసినా లేవలేదు. మేస్త్రీ అటువైపు వచ్చి, చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు.

చివరి గడిలో అంచు కిరణం వాలిన చోటుకీ నడిమి కిరణం వాలిన చోటుకీ తేడా తీశాడు. రెండు పాయింటు సున్నా ఎనిమిది.

ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు. పొద్దున లెక్కలమ్మ చదివింది రెండు పాయింటు ఒకటి. ముప్పైఒక్క ఏళ్లలో ఎప్పుడూ పరిగెత్తనివాడు బిగింపు విభాగానికి పరుగులాంటి నడకతో వెళ్లాడు.

"వదినా, ఆ జంటగాజు ఎటు పెట్టావ్?"

"బాణం ఎటుంటే అటే. మొన వెలుతురు వచ్చేవైపుకి. ఎప్పుడూ అంతేగా?"

అతను నుదురు కొట్టుకున్నాడు. అందరి గాజులకీ బాణం మొన ముందుకే. ఒక్క గుంట గాజుకి తప్ప. దాన్ని గొట్టంలోకి వెనకవైపునుంచి దూర్చాలి కాబట్టి, బిగించేవాళ్లు తికమక పడకుండా బాణం వెనక్కి వెయ్యమని అతను చేరిన ఏడాదే పాత మేస్త్రీ చెప్పాడు. అప్పటినుంచి ఎన్ని వేల బిళ్లల మీద వేశాడో, అన్నీ వెనక్కే. అరగదీయడం అవగానే చెయ్యి పెన్సిలు అందుకోవడం, వెనక్కి ఒక బాణం గీయడం. జంటగాజు మీదా అదే చెయ్యి అదే గీత గీసింది. పైగా గీసినచోట వదిన నల్లరంగు పూసేసింది, మళ్లీ చూసుకునే వీల్లేకుండా. అంటించాక జంటకి ఉబ్బు రెండువైపులా ఉన్నదే, కాస్త ఎక్కువ తక్కువ. గొట్టంలో బిగిశాక ఎటు తిరిగి ఉందో పైకి తెలియదు.

వదిన విని నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. "నీ గుంట గాజు బాణమే అని చెప్పుంటే తిప్పి పెట్టేదాన్నిగా! కొత్త రకం కదా, అందరి పద్ధతే అనుకున్నా."

"నేనూ కొత్త రకమే అనుకున్నా. నా చెయ్యి అనుకోలేదు" అన్నాడతను. ఇద్దరూ నవ్వారు. ఆవిడ రెండు కాళ్ల పనిముట్టు తీసి, గాజుని గొట్టంలో పట్టి ఉంచే ఇనుప వలయం విప్పింది. జంటగాజు ఆవిడ అరచేతిలోకి జారింది. కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాడు. అవును, ఎక్కువ ఉబ్బు ఉండాల్సిన ముందువైపు తక్కువ ఉబ్బు ఉంది. ఆవిడ ఊది, తుడిచి, తిప్పి పెట్టి, వలయం బిగించింది. "చూడు, ఇక్కడ బాణం నేను వేస్తున్నా" అని గొట్టం బయట తెల్లరంగుతో ఒక గుర్తు పెట్టింది.

నాలుగింటికి పరీక్షగదిలో ముగ్గురే. అతను ముందు కాగితం లెక్కలమ్మ చేతికిచ్చాడు, తర్వాతే గాజు. ఆవిడ దీపం దగ్గర నిలబడి గడి గడీ చదివింది. గీతలు గీసిన అంకె దగ్గర ఆగింది.

"మీకు పొద్దున్నే తెలిసిపోయిందా అమ్మా?"

"అనుమానం వచ్చింది."

"చెప్పలేదేం మరి?"

"చెబితే మీరు నమ్మేసి తిప్పి పెట్టేసేవారు బాబాయ్. ఈ కాగితం ఉండేది కాదు."

ఈసారి చూడమని ఆవిడ అనాల్సిన పని లేకపోయింది. అతనే వంగాడు. మర సగం చుట్టు తిప్పగానే మసక అంతా లోపలికి ముడుచుకుపోయి, నల్లటి చీకట్లో ఒకే ఒక్క చుక్క నిలబడింది. తెల్లటి చుక్క. చుట్టూ పలచటి ఉంగరం ఒకటి, ఉందా లేదా అన్నట్టు. ఎంతసేపు చూసినా అది చుక్కే. అతనికి సంతోషం వేసింది. గర్వం అనుకోవడానికి కూడా తీరిక లేనంత సంతోషం. తను కాగితం మీద నడిపించిన కిరణాలు చెప్పిన చోటికే వచ్చి వాలాయి. ఏడో తరగతి గదికి వెళ్లి ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించడానికి అక్కడెవరూ లేరు, అది కూడా బాగానే ఉంది.

వదిన చూసి, "అబ్బ, చుక్కంటే చుక్కే!" అంది. లెక్కలమ్మ చూసి లేచి, అతని చెయ్యి పట్టుకుని ఊపింది. ఆవిడ చేతికి గులాబీరంగు అంటింది.

బల్ల సొరుగులోంచి చీటీ తీసింది ఆవిడ. లెన్సు బయటికి తీసుకెళ్లడానికి పైవాళ్లచేత సంతకం పెట్టించి ఉంచింది. "మీదే బాబాయ్. ఇంటికి పట్టుకెళ్లండి."

అతను చీటీ చదివాడు, మడిచాడు, తిరిగి ఇచ్చేశాడు. "ఇంట్లో దీంతో ఏం చూడనమ్మా? మా ఆవిడ మొహం చూడ్డానికి లెన్సు అక్కర్లేదు, లేకుండానే భయంగా ఉంటుంది." బల్ల మీది గొట్టాన్ని చూపించాడు. "నాలాగా ఎవరైనా వచ్చి అడుగుతారు, ఈ గుంట గాజెందుకని. అప్పుడు ఇది దగ్గరుంటే మీకు సులువు. నాకు కావలసింది నేను చూశాను."

"ఆవిడకి చూపించరా?"

"లెక్క చూపిస్తా. మైనస్ ఆవిడదేగా." పన్నెండో కాగితం, ఇవాళ్టి కాగితం రెండూ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కిందకి వెళ్లి బుడిపె కడిగాడు. యంత్రం మీద గుడ్డ కప్పాడు. ఉదయం ఒకటిన్నర వలయాలున్న బిళ్ల ముప్పావు వలయానికి వచ్చింది. దాన్ని ట్రేలో మిగతావాటి పక్కన పెట్టి, అంచు మీద బాణం గీశాడు, వెనక్కి. గేటు దగ్గర కార్డు ఇస్తే కాపలావాడు లేచి నిలబడ్డాడు. అంతకుముందెప్పుడూ అతను లేవలేదు. గుంటాయన గాభరాపడి, "కూర్చో నాయనా, కూర్చో" అన్నాడు.

మేడమీద లెక్కలమ్మ పరీక్షగది మూసేయబోతూ, గాలి కోసం కిటికీ తలుపు కొంచెం తెరిచింది. బల్ల మీది జంటగాజుని స్టాండుతో సహా కిటికీ వైపు తిప్పి, వెనకాల తెల్లటి అట్టముక్క నిలబెట్టింది. అట్ట మీద సాయంత్రపు వెలుగులో రోడ్డూ గేటూ గోడా అన్నీ తలకిందులుగా, చిన్నగా, గీసినంత స్పష్టంగా వచ్చి పడ్డాయి. గేట్లోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. గోరులో సగం కూడా లేడు. చేతిలో అన్నం డబ్బా ఊగుతోంది. ఆగి, చొక్కా జేబు తడిమి చూసుకుని, మళ్లీ నడిచాడు. నడుస్తూ నడుస్తూ అట్ట అంచు దాటి వెళ్లిపోయాడు. ఆవిడ దీపం ఆర్పి, తలుపు దగ్గరికి వేసుకుని మెట్లు దిగింది.

గదిలో జంటగాజు తన స్టాండు మీద అలాగే ఉంది. దాని వెనక అట్టముక్క మీద ఖాళీ గేటు, తలకిందులుగా, అంచుల్లో ఎక్కడా రంగు లేకుండా నిలబడి ఉంది.